ఫ్యాను టోపీలు

“ముందు టోపీ, తర్వాత శాలువా, ఆఖరున సంతకం. ఈ వరస తప్పిందంటే ఊరుకోను,” అన్నాడు రాఘవేంద్ర.

“సార్, ఈ కాగితం పైభాగం ఏంటికి మడిచినారు?” అడిగింది ఫరీన్. ఆమె ఆఫీసులో చేరి మూడు నెలలే అయింది.

“నీకెందుకు? మడత విప్పకు, అంతే.”

మడతలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. ‘మా పొలాలను సోలారు కంపెనీకి ముప్పై ఏళ్ళ కౌలుకు ఇవ్వడానికి సమ్మతిస్తున్నాం.’ మడత కింద మాత్రం ‘ఆదర్శ రైతు సన్మానం, కానుకలు అందినవి’ అని లావుపాటి అక్షరాలు, వాటి కింద ముప్పై గళ్ళు. ఇంత గొప్ప ఉపాయం తన బుర్రకే తట్టిందని రాఘవేంద్ర రెండు రోజులుగా తనలో తానే మురిసిపోతున్నాడు.

ఆ ముప్పై మంది రైతులూ ఏడాదిగా ససేమిరా అంటున్నారు. రెండుసార్లు వాళ్ళ ఊరికి పోతే దారికి అడ్డంగా కంపచెట్లు కొట్టి వేశారు. రెండుసార్లూ రాఘవేంద్ర కారు దిగలేదు, అద్దమైనా దించలేదు. ఆ మట్టిముఖాలతో తనకు మాటలేమిటని ఏసీ పెంచుకుని వెనక్కి వచ్చాడు. ఈ సాయంత్రంలోగా సంతకాలు పంపకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదని బెంగుళూరు నుంచి పెద్దసారు తెగేసి చెప్పాడు. పంపాడా, జోనల్ మేనేజరు కుర్చీ. అందుకే గార్లదిన్నెలో ఈ ఫంక్షన్ హాలు, ఈ సన్మానం, ఈ టోపీలు.

టోపీలంటే అల్లాటప్పా టోపీలు కావు. నెత్తిన అరచెయ్యంత సోలారు పలక, ముందు బుల్లి ఫ్యాను. ఎండలో నిలబడితే చాలు, గిర్రున తిరిగి ముఖానికి గాలి కొడుతుంది. పక్కన కంపెనీ పేరు. పెన్నులూ క్యాలెండర్లూ పంచే కాలం పోయిందనీ, చేతికిచ్చిన వస్తువే కంపెనీ గురించి ఊరంతా చెప్పాలనీ మీటింగులో ఉపన్యాసం దంచి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు మహానుభావుడు.

రైతులను పిలుచుకొచ్చే బాధ్యత వాళ్ళ ఊరి పెద్దమనిషి నల్లప్ప నెత్తిన వేసుకున్నాడు. అందుకుగాను ‘ఉత్తమ రైతు నాయకుడు’ అని రాసిన గాజు షీల్డు అతనికి ముందే ముట్టింది.

“అందరూ వచ్చినట్టేనా నల్లప్పా?”

“ముప్పై అంటే ముప్పై మంది సార్. ఒగ తల తగ్గల్యా.”

“చూశావా! ఏడాదిగా భూమి తల్లి, భూమి తల్లి అని రాగాలు తీశారు. కానుక అనగానే ఎలా ఎగబడి వచ్చారో!”

“మనుషులంటే అంతే కద సార్,” అంటూ నల్లప్ప తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

ఫరీన్ జాబితా చూసి మైకులో పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

“తిరుపాలమ్మ!”

ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. నల్లప్ప గబగబా పోయి మూడో వరుసలో ఉన్న ముసలామె భుజం తట్టాడు.

“లెయ్‌మ్మా, నిన్నే పిల్చేది.”

“ఓయమ్మ, నన్నేనా!” అంటూ ఆమె లేచింది.

“సొంత పేరు కూడా గుర్తుండదు,” రాఘవేంద్ర పళ్ళ సందున గొణిగాడు. “ఇలాంటి వాళ్ళ చేతుల్లో ఎకరాలకు ఎకరాలు. ఖర్మ!”

“ఎర్రిస్వామి!”

ఈసారి ఇద్దరు లేచారు. నల్లప్ప ఉరిమి చూసేసరికి ఒకడు చటుక్కున కూర్చున్నాడు.

“దొంగ వెధవ, రెండు టోపీలు కొట్టేద్దామని చూస్తున్నాడు.”

ఫరీన్ మైకు పక్కన పెట్టి దగ్గరకొచ్చింది. “సార్, నాకెందుకో తేడాగా కనపడతాండాది. ఒగసారి ఆధార్ కార్డులు చూస్తామా?”

“కార్డులు అడిగితే అనుమానం వచ్చి లేచిపోతారు. నీ తెలివి నీ దగ్గరే ఉంచుకుని టోపీలియ్యి.”

ఆ పిల్ల మళ్ళీ మైకు అందుకుంది. ఒక్కొక్కరే వచ్చి టోపీ పెట్టించుకున్నారు, శాలువా కప్పించుకున్నారు, ఫోటోకు నిలబడ్డారు, వేలిముద్ర వేశారు. కాగితంలో ఏముందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగినవాడు ఒకడే, అదీ టోపీ గురించి.

“ఇది వానకు తడిస్తే చెడిపోతాదా సార్?”

“మీ ఊళ్ళో వాన పడినప్పుడు చూద్దాంలే!” తన హాస్యానికి తానే పగలబడి నవ్వాడు రాఘవేంద్ర. ఇంకెవరూ నవ్వలేదు.

ముప్పయ్యో గడి నిండగానే మడత విప్పి ఫోటో తీసి బెంగుళూరుకు పంపాడు. ఐదు నిమిషాల్లో పెద్దసారు ఫోను.

“శభాష్ రాఘవేంద్రా! పెట్టుబడి పెట్టే పార్టీకి చూపించి ఒప్పందం ఖాయం చేసేశాను. ఇక వెనక్కి తిరిగేది లేదు. సోమవారం వచ్చి కొత్త సీట్లో కూర్చో.”

రాఘవేంద్ర ఛాతీ ఉబ్బింది. బయటికి వచ్చేసరికి ఎండలో ముప్పై ఫ్యానులూ జుయ్యిమని తిరుగుతున్నాయి. ముఖాలకు గాలి తగిలి జనం చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. ఒక్క టోపీకి ముప్పై ఏళ్ళు! ఎంత చవక మనుషులు! వాళ్ళను చూస్తే అతనికి జాలి కూడా కలగలేదు. అయినా గెలిచినవాడు నాలుగు మంచి మాటలు చెబితే సొమ్మేం పోతుందని, ఎదురుగా కనిపించిన ముసలామెను పలకరించాడు.

“ఏమ్మా తిరుపాలమ్మా, ఇంతకీ నీ పొలం ఊరికి ఏ పక్కన?”

ఆమె చుట్టూ చూసింది. నల్లప్ప కనబడలేదు. టోపీ సర్దుకుని, బోసినోటితో కల్లాకపటం లేకుండా నవ్వింది.

“భూములుండేటోళ్ళు ఒగరూ రాల్యా నాయనా, మేమంతా పామిడి కూలోళ్ళం.”