పక్క చేని బోరు

“ఇంకా ఆలోచన ఏందమ్మా? కంప్యూటర్ అని నొక్కెయ్!” బోరు లారీ మోతను మించి అరిచాడు నారాయణ.

మహిత ఫోన్ పట్టుకుని గట్టు మీదే నిలబడింది. డిగ్రీలో ఏ కోర్సు కావాలో సాయంత్రంలోగా ఎంచుకోవాలి. తనకేమో భూగర్భశాస్త్రం మీద మనసు.

“రాళ్ల చదువుకు ఉద్యోగం యాడ వస్తాది? పక్క చేని ఆదిలక్ష్మమ్మ కొడుకును సూడు. కంప్యూటర్ చదివినాడు, బెంగళూరులో కూర్చున్నాడు.”

“ఇప్పుడు అందరూ అదే చదువుతా ఉండారు నాయనా. అందరికీ యాడ దొరుకుతాయి?”

“ఆయమ్మకు నీళ్లు పడినాయనే గదా, ఆ బోరు పక్కనే మనమూ వేయిస్తా ఉండేది? పడినచోటే పడతాది.”

అంతలో గుంతలోంచి ఎగజిమ్ముతున్న తెల్లటి దుమ్ము ముద్దకట్టింది. బురద, ఆ వెనకే నీళ్లు. నారాయణ చిన్నపిల్లాడిలా గంతేశాడు. “సూస్తివా! నొక్కు, నొక్కు!”

మహితకూ నవ్వొచ్చింది. చల్లటి తుంపర మీద పడుతుంటే నాయన మాటే నిజమేమో అనిపించింది. వేలు తెర మీదికి పోయింది.

గట్టు అవతల, ఆదిలక్ష్మమ్మ చేలో పొద్దున్నుంచీ ధారగా పోస్తున్న పైపు ఒక్కసారిగా దగ్గింది. ఎర్రటి బురద కక్కింది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆదిలక్ష్మమ్మ మడిలోంచి లేచి వచ్చి, పైపునూ వీళ్లనూ మార్చి మార్చి చూసింది.

“ఏమబ్బా నారాయణా, మా నీళ్లేనా మీకొచ్చింది?”

 నారాయణ తడి మొహాన్ని తుడుచుకోవడం కూడా మరిచిపోయి కూతురి దగ్గరికొచ్చాడు.

“ఇప్పుడే నొక్కొద్దు పాపా,” అన్నాడు, గొంతు తగ్గించి.