ఏడో ప్రశ్న విననివాళ్లు

నిద్రపట్టని రోగులు నలభై మందిలో ముప్పై ఏడుగురు హాయిగా నిద్రపోతున్నారని తెలిసి డాక్టరమ్మ గుండె గుభేలుమంది.

ఆమె పరీక్షిస్తున్నది రోగుల్ని కాదు. నిద్ర ఎంత బాగా పడుతోందో కొలవడానికి తను రెండేళ్లు కూర్చుని రాసిన ఇరవై ప్రశ్నల కాగితాన్ని.

మందూ మాకూ ఇవ్వకుండా, రెండు వారాలాగి మళ్లీ అవే ప్రశ్నలు అడిగితే జవాబులు మారకూడదు. అప్పుడే ఆ కాగితం నమ్మదగ్గది.

సోమవారం దాన్ని పరీక్షకుల ముందు పెట్టాలి. తీరా చూస్తే మొదటిసారికీ రెండోసారికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా!

"మందేమైనా ఇచ్చావా?" అడిగాడు ప్రొఫెసర్.

"మంచినీళ్లు కూడా ఇవ్వలేదు సార్."

"అయితే ఎవరో దొంగ టిక్కులు పెట్టారు."

అనుమానం ఒక్కరి మీదికే పోయింది. రోగులకు ప్రశ్నలు చదివి వినిపించే పెద్దాయన. ఎవరికి చదివినా ఒకే తీరుగా ఉండాలని, ఎత్తూ పల్లం లేని ఆ గొంతును ఆమే ఏరికోరి తెచ్చుకుంది.

"జవాబులు మీరే రాసేశారా బాబాయ్ గారూ?"

"లేదమ్మా. వాళ్లు చెప్పిందే రాశాను."

"రేపట్నుంచి రాకండి."

ఆయన కళ్లజోడు డబ్బాలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పది నిమిషాలకే, రోగుల చేతులకు కట్టిన, నిద్రను కొలిచే గడియారాల లెక్కలొచ్చాయి. ప్రొఫెసర్ వాటిని కాగితాల పక్కన పెట్టి చూసి, కుర్చీలోంచి లేచాడు.

"అమ్మాయ్! గడియారం చెప్పిందే నీ కాగితమూ చెబుతోంది. వాళ్లు నిజంగానే నిద్రపోయారు! మారని ముగ్గురికీ రెండుసార్లూ ఒకే మార్కులు. నీ కాగితం నిప్పు. ధైర్యంగా పెట్టు. మరి వీళ్లని నిద్రపుచ్చిందెవరు?"

ఆమె ఓ రోగికి ఫోన్ చేసింది. బట్టలు కుట్టే ఆవిడ.

"ఇంకెవరమ్మా, మీ పెద్దాయనే! మేమే కాళ్లావేళ్లా పడ్డాం. రోజూ పడుకునే వేళకి అందర్నీ ఫోన్లో కలిపి ఆ ప్రశ్నలు చదువుతారు. పక్కమీద ఉండి ఏడో ప్రశ్న విన్నవాళ్లు మాలో ఒక్కరూ లేరు!"

"మిగతా ముగ్గురో?"

"వాళ్లకి ఫోన్లు లేవుగా, పాపం."

డాక్టరమ్మ చెప్పులు చేతబట్టుకుని బస్టాపుకి పరుగెత్తింది.

బస్సు కదలబోతోంది. డ్రైవర్ వెనక సీటు ఖాళీగా ఉన్నా, పెద్దాయన చిట్టచివర కూర్చున్నాడు.

"దిగండి బాబాయ్ గారూ! రేపట్నుంచి కాదు, ఇప్పట్నుంచే రండి. అంతమందిని నిద్రపుచ్చి, నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదేం?"

ఆయన దొరికిపోయిన దొంగలా తల గోక్కున్నాడు.

"నేరం నాదే తల్లీ. చెబితే ఈ పనీ పోతుందని భయపడ్డాను. ముప్పై ఏళ్లు రేడియోలో వాతావరణం చదివాను... తుఫాను హెచ్చరిక సగంలో ఉండగానే నిద్రపోతున్నామని జనం సంచులకొద్దీ ఉత్తరాలు రాస్తే, పీకేశారు."