గుంత లేని చోట

బెజవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపు మస్తాన్, ఎర్రటి స్పోర్ట్స్ కారు పక్కన గొంతుక్కూర్చుని టైరు మీద వేలు పెట్టి చూశాడు. రబ్బరంతా బీటలు వారింది.

"నాలుగూ మార్చాల్సిందేనమ్మా."

"అరిగిపోతాయని ఏడాదిగా కారు బయటికే తియ్యలేదు కదయ్యా!" అంది నీలవేణి.

"అదేనమ్మా తప్పు. తిప్పకుండా నిలబెట్టేస్తే టైరు ఎండిపోద్ది."

కార్లన్నీ వాటంతటవే నడిచే కాలమది. యజమాని చేత్తో నడిపినప్పటి ఒడుపు మాత్రం టైర్లే నేర్చుకుని దాచుకుంటాయి. పోయినేడు భర్త రత్నాకర్ చనిపోయాక ఆమెకు మిగిలింది ఆ ఒడుపే. బెంజి సర్కిల్ దాటాక ఒకచోట, గుంత పూడ్చేసి ఏళ్లయినా, ఆయన అలవాటుకొద్దీ కుడికి కట్ కొట్టేవాడు. ఆయన పోయాక ఒక్కసారే కారెక్కింది. అప్పుడూ అది అక్కడ అలాగే కట్ కొట్టింది. ఆ ఒడుపు అరిగిపోకూడదని నీలవేణి ఇంటికొచ్చి కారు మీద గుడ్డ కప్పేసింది.

"వీటిల్లో ఉన్నది కొత్తవాటిలోకి ఎక్కించలేవా, మస్తానూ?"

అతను తల దించుకున్నాడు. "ఇంకేం మిగల్లేదమ్మా. బీటలు రాకముందే తెచ్చుంటే ఎక్కించేవాణ్ణి."



కొత్త టైర్లు బిగించి, ఒక్కో దాని కింద ఒక్కో నిమ్మకాయ పెట్టాడు మస్తాన్. నీలవేణి ఎక్కగానే కారు వాటిని తొక్కుకుంటూ రోడ్డెక్కింది.

సర్కిల్ దాటింది. ఆ చోటు దగ్గరపడుతుంటే నీలవేణి తనకు తెలియకుండానే తలుపు పిడి పట్టుకుని ఒక పక్కకు ఒరిగింది.

కారు తిన్నగా వెళ్లిపోయింది.