డెబ్బై దాటితే

“అరవై రెండు సార్,” అన్నది నర్సు రాజకుమారి, మంచం పక్కనున్న యంత్రం తెరను చూసి.

డాక్టర్ ధర్మతేజ రోగి మోకాలిని వేలితో గట్టిగా నొక్కి వదిలాడు. తెల్లబడిన చోటికి రంగు తిరిగి రావడానికి ఆరు సెకన్లు పట్టింది. మూడు దాటకూడదు.

రోగి పేరు సోంబరు. భార్యాభర్తలిద్దరూ పనిచేసే కాఫీ తోటలో కంటికి ఆనని పురుగేదో కుట్టింది. దానితో వచ్చిన జ్వరం నాలుగు రోజుల్లో ఒళ్ళంతా విషమెక్కే సెప్సిస్‌గా ముదిరి, అతనిని ఆ కొండ మీది ఆసుపత్రి ఐసీయూకు చేర్చింది. కొత్త మనుషులను, యంత్రాలను చూసి బెదిరే రోగి దగ్గర ఇంటివారొకరిని ఉండనివ్వడం అక్కడి పద్ధతి. అందువల్ల నీలవేణి భర్త చేతిని పట్టుకొని స్టూలు మీద కూర్చుని ఉన్నది.

“ఆ అంకె ఏటి బాబూ?” అని అడిగింది.

“బొటనవేలి కింద కండకు బిళ్ళ అంటించాము కదమ్మా. ఆ కండకు ప్రాణవాయువు ఎంత అందుతున్నదో అది చెబుతుంది. డెబ్బై దాటాలి. సాయంత్రానికి దాటకపోతే విశాఖపట్నం పంపవలసి ఉంటుంది.”

నీలవేణి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“కిందకి పంపకండి బాబూ. మా అన్న భీముణ్ణి అలాగే దింపినారు. ఘాటీ దారి దాటకముందే పోయినాడు. అదే బండిలో గుడ్డ కప్పి తెచ్చినారు.” మళ్ళీ అడిగింది. “డెబ్బై దాటితే పంపరు గదా?”

“దాటితే ఎందుకు పంపుతాను?”

ధర్మతేజ మందులు మార్చి, ఇతర రోగులను చూడడానికి వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి తెర మీద డెబ్బై ఆరు ఉన్నది.

“సూసినావా గుంటా, నీ మొగుడు ఎంత మొండోడో! యముణ్ణి గుమ్మంలోంచే తిప్పి పంపేసినాడు,” అని నవ్వింది రాజకుమారి.

నీలవేణి నవ్వలేదు. భర్త చేతిని, తన చేతులను కలిపి దుప్పటి కప్పుకొంది. “సల్లగున్నాయి. దుప్పటి తియ్యకండి.”

రెండు గంటల తరువాత అంకె దిగసాగింది. డెబ్బై ఒకటి. అరవై ఆరు. యాభై తొమ్మిది.

విచిత్రమేమిటంటే, రోగి మాత్రం కోలుకొంటున్నట్లే కనిపించాడు. రక్తపోటు నిలిచింది. మూత్రం వస్తున్నది. మోకాలి రంగు మూడు సెకన్లలోనే తిరిగి వచ్చింది. నాలుగున్నరకు సోంబరు కళ్ళు తెరిచి అంబలి అడిగాడు.

“మనిషి బాగున్నాడు సార్. జొరం మిషనుకే వచ్చినట్టుంది!” అన్నది రాజకుమారి.

ధర్మతేజకు నవ్వు రాలేదు. శిక్షణకాలంలో రక్తపోటు సరిగా ఉన్నదని నమ్మి, ఒక యువతిని తెల్లవారేసరికి పోగొట్టుకొన్నాడు. గెడ్డ నిండుగా పారుతున్నా మడులకు నీరెక్కనట్లు, పెద్ద నాళాల్లో రక్తం నడుస్తూనే కండలు ఊపిరాడక చచ్చిపోతాయి. ఆ సంగతి పైకి కనిపించదు. ఆ అంకె ఒక్కటే చెబుతుంది.

యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపించాడు. దుప్పటిలోకి వెళ్ళిన తీగను లాగి చూశాడు. బిగువుగానే ఉన్నది.

యాభై రెండు.

అతను రాజకుమారి వైపు తిరిగాడు. “అంబులెన్స్ పిలవండి. వెంటనే!”

“నాకేటయింది బాబూ? ఎక్కడికి?” అన్నాడు సోంబరు బెదురుగా. “ఒలే నీలా, ఏటంతన్నారే?”

నీలవేణి ఈసారి బతిమాలలేదు. మంచం కమ్మీకి తల ఆన్చి, కళ్ళు మూసుకొని ఉన్నది. చలిజ్వరం వచ్చినదానిలా వణుకుతున్నది.

“భయపడకమ్మా, నేనూ బండిలో వస్తాను,” అన్నాడు ధర్మతేజ.

“పొద్దున్నుంచి టీ కూడా ముట్టలేదు సార్, బెంగతో,” అన్నది రాజకుమారి.

నలభై ఏడు. యంత్రం కీచుమని అరవసాగింది. వార్డుబాయ్‌లు స్ట్రెచర్ తెచ్చి మంచానికి ఆనించారు. రోగిని మార్చడానికి ధర్మతేజ ఒక్క ఊపుతో దుప్పటి లాగివేశాడు.

బిళ్ళ నీలవేణి అరచేతికి అంటించి ఉన్నది.