గుంటలకు పథ్యం

వీరాయమ్మ ఉలవకట్టు గిన్నెను విసిరికొట్టలేదు. రెండు వేళ్లతో మెల్లగా మొగుడి విస్తరి దాకా నెట్టింది. ఆ మెల్లదనంలో ఎంత కోపముందో సూరయ్యకు తెలిసే ఉంటుంది. నెయ్యి ఓడుతున్న ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"నా తొడల సంగతి పరాయి మగాడితో చెప్పేరా మీరు?" అని అడిగింది.

"పరాయివాడేంటే, వైద్యుడు. వాన చినుకులు పడ్డ ఇసుకమేటలాగ గుంటలు పడ్డాయన్నాను. ఉన్నమాటే కదా. మేదస్సు ముదిరిందన్నాడు. నెయ్యి, బెల్లం, ఉప్పు మానేసి ఉలవకట్టు తాగితే చర్మం నునుపెక్కుతుందట. నీ మంచికే చెబుతున్నాను."

"ఇన్నాళ్ల కాపరంలో లేని బెంగ ఇప్పుడొచ్చిందా?"

సూరయ్య ముద్ద మింగాడు. చెయ్యి కడుక్కుని, గోడకు వేలాడుతున్న కొట్టుగది తాళంచెవి తీసి తన మొలకు దోపుకున్నాడు.

కుంఫిణీ వారు తవ్వించిన కాలువ నీళ్లకు చెరుకు విరగపండిన ఏడు అది. వశిష్ఠ గోదావరి ఒడ్డున సూరయ్య కొట్టుగదిలో బెల్లం దిమ్మలు దూలాల దాకా పేర్చి ఉన్నాయి. పాలేళ్లందరికీ చేతినిండా పెట్టిన వీరాయమ్మ, ఇప్పుడు తన గంజిలోకి ఉప్పు కావాలంటే మొగుణ్ణి అడగాలి. ఆమె అడగలేదు. దెబ్బలాడింది. తోడికోడళ్లను మధ్యవర్తిత్వానికి పిలిచింది. వాళ్లు వచ్చి, ఎంత అదృష్టవంతురాలివి, నీ ఒంటి నునుపు గురించి కూడా ఆలోచించే మొగుడు అని నవ్వి వెళ్లారు. ఆ నవ్వు ఊరంతా పాకింది. ఆకలి కంటే అదే ఆమెను ఎక్కువగా కాల్చింది. రోట్లో పిండి దంచుతూ ఒకసారి కళ్లు తిరిగి కూలబడితే, మేదస్సు కరుగుతున్నదనడానికి అదే గుర్తని సూరయ్య సంతోషించాడు.

తలంటు పోయడానికి వచ్చిన అచ్చాయమ్మ ఆమె మెడ ఎముకలు చేతికి తగిలేసరికి ఉండబట్టలేకపోయింది. అచ్చాయమ్మ మొగుడు పడవ నడుపుతాడు.

"అయ్యగారికి చెప్పనంటే ఓ మాట చెబుతానండి. మొన్న వరదలో పడవ తిరగబడబోయింది కదండి, అప్పుడు అయ్యగారు తెరచాప కొయ్య వాటేసుకుని అంతర్వేది నరసింహస్వామికి మొక్కేరండి. ఒడ్డుకి చేరిస్తే మా ఆడదాని ఎత్తు బెల్లం తులాభారం ఇచ్చుకుంటానన్నారంట. మా ఆయన తెడ్డేస్తా విన్నాడండి, ఆయ్."

"ఆయన ప్రాణానికి నా ఎత్తా?"

"అయ్యగారు తూగితే బండెడు బెల్లం అవుద్ది కదండి మరి."

వీరాయమ్మ నవ్వలేదు. కుంకుడు రసం కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. వరద వెనక మొక్కు, మొక్కు వెనక వైద్యుడు, వైద్యుడి వెనక ఉలవకట్టు ఒక్కటొక్కటిగా వరస తీరాయి. తన ఒంటిమీది గుంటలు వైద్యుడి నోట పడి, తోడికోడళ్ల నోట పడి, ఊరందరి నోటా నానింది నాలుగు బెల్లం దిమ్మలు మిగలడం కోసమన్నమాట. అంతవరకూ ఆమె కోపం పొయ్యి మీద పాలలా పొంగేది. ఆ క్షణాన అది గడ్డకట్టింది. తడి జుట్టుతోనే లేచి, అంతర్వేది ఉన్న దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టి, పెదవులు కదలకుండా ఏదో అనుకుంది.

ఆనాటి నుంచి గిన్నె పెట్టగానే తాగేసింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తన ఆడది దారికొచ్చిందని సూరయ్య చుట్టాలకు చెప్పుకున్నాడు.

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి బంధువులంతా పడవల మీద కదిలారు. వైద్యుడూ వచ్చాడు. గుడిలో త్రాసు కట్టారు. వీరాయమ్మ ఒక పళ్లెంలో కూర్చుంది. రెండో పళ్లెంలో పట్టుమని పది దిమ్మలైనా పడకముందే ఆమె పళ్లెం పైకి లేచింది. సూరయ్యకు నవ్వు ఆగలేదు. మిగిలిన దిమ్మలు తిరిగి పడవకెక్కించమని పాలేళ్లకు కేకేశాడు.

వీరాయమ్మ పళ్లెం దిగింది కాని పక్కకు తప్పుకోలేదు.

"అయ్యవారూ, నాదీ ఒక మొక్కుందండి," అంది అర్చకుడితో, బంధువులందరికీ వినిపించేలా. "నా ఒంటికి జబ్బు చేసిందని మా వారు దిగులుపడి పథ్యం పెట్టించేరండి. ఆ జబ్బు నయమైతే ఆయనెత్తు ఆవునెయ్యి ఇచ్చుకుంటానని స్వామికి మొక్కుకున్నాను. పూర్తిగా నయమైపోయిందండి."

వైద్యుడు ముందుకొచ్చి, తన వైద్యం తిరుగులేనిదని అందరి వైపూ చూస్తూ తల పంకించాడు.

సూరయ్య నోరు తెరిచాడు. నయం కాలేదనాలంటే ఆ జబ్బేమిటో, ఎక్కడుందో గుడిలో నలుగురి ముందూ తన నోటితోనే చెప్పాలి. అసలు జబ్బే కాదనాలంటే పథ్యం ఎందుకు పెట్టించాడో చెప్పాలి. బావమరుదులు రెక్కలు పట్టుకుని కూర్చోబెట్టగానే పళ్లెం నేలకు ఠంగున తగిలింది. నేతి కుండలు తీర్థంలో దొరికినవి చాలక, రాజోలు దాకా మనుషుల్ని పరుగెత్తించాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో సూరయ్య పడవ ముందు భాగాన నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. వెనక వీరాయమ్మ ప్రసాదం బెల్లం కొరుక్కుని తింటోంది. అచ్చాయమ్మ ఆమె చెవి దగ్గరకు వంగింది.

"నిజంగా పోయాయేంటండి అమ్మగారూ, ఆ గుంటలు?"

వీరాయమ్మ నోట్లో బెల్లం పూర్తిగా కరిగేదాకా ఆగి చెప్పింది.

"ఎక్కడికి పోతాయే? జన్మంతా గంజినీళ్లే తాగిన మా అమ్మమ్మకి కాటికెళ్లే దాకా ఉన్నాయి."