కంచు మనిషి బొటనవేలు

"ఆ బొటనవేలి జోలికి మాత్రం వెళ్ళకండి!" అంది యాస్నా, గిన్నెలు తోముతూనే.

సంచి సర్దుకుంటున్న ఫెర్మీన్ ఆగిపోయాడు. పాడైన ఓడ ఇంజను బాగుచెయ్యడానికి దక్షిణ అమెరికా కొసనున్న పుంతా అరెనాస్ రేవుకి వచ్చి, నలభై రోజులుగా యాస్నా లాడ్జిలోనే ఉంటున్నాడు. ఇంజను బాగైంది. రెండు గంటలకి ఓడ బయల్దేరుతోంది, దాంతో పాటు అతనూ.

ఊళ్ళో అడుగుపెట్టిన ప్రతివాడికీ యాస్నా చెప్పే జాగ్రత్తలు ఒకటే. గొడుగు తియ్యకండి, గాలి లాక్కుపోతుంది. టోపీ నెత్తిన కాదు, జేబులో పెట్టుకోండి. కారు తలుపు రెండు చేతులతో పట్టుకుని తియ్యండి. వీధిలో తాడు కట్టి ఉంటే సిగ్గుపడకుండా పట్టుకుని నడవండి. ఆఖరున, వెళ్ళేముందు పార్కులో ఉన్న కంచు మనిషి విగ్రహం కాలి బొటనవేలికి ముద్దు పెట్టండి. పెట్టినవాడు ఎక్కడికి పోయినా మళ్ళీ ఈ ఊరు వచ్చి తీరతాడు.

"పొద్దున వెళ్ళిన జర్మనీ వాళ్ళకి చెప్పారుగా, ముద్దు పెట్టమని?"

"చెప్పాను."

"మరి నాకెందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. మఫ్లరు చెవుల మీదుగా చుట్టుకోండి."

ఇటు తిరిగి చూడను కూడా చూడలేదు. ఫెర్మీన్‌కి బుర్ర తిరిగిపోయింది. మొన్న జ్వరమొస్తే వేడివేడి సూపు కాచి తాగించింది ఈవిడే. చిరిగిన మేజోళ్ళు అడక్కుండానే కుట్టిపెట్టిందీ ఈవిడే. ఇంతలో ఏమొచ్చిందీ మనిషికి?

పార్కు దగ్గర ఉన్ని టోపీలమ్మే మీల్కా పెద్దమ్మని అడిగాడు.

"యాస్నా వద్దందా! వాష్‌బేసిన్ పగలగొట్టి చెప్పకుండా చెక్కేసిన వాణ్ణి కూడా బస్‌స్టాండులో పట్టుకుని లాక్కొచ్చి ముద్దు పెట్టించిందే!" అంది పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంటూ. "ఏం చేశావు నాయనా?"

"నేనేం చెయ్యలేదు పెద్దమ్మా!"

"ఏదో చేసే ఉంటావులే. ఊరికే అంటుందా?"

ఎంత తన్నుకున్నా చేసిన తప్పేమిటో గుర్తు రాలేదు. మనసులో మాట యాస్నాకి చెప్పాలని నలభై రోజులుగా నోటిదాకా తెచ్చుకుని మింగేశాడు పాపం. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాడు. ఆ మళ్ళీ రావడమే వద్దంటోందాయె!

దుఃఖంతో పాటు మొండితనమూ వచ్చింది. తాడు పట్టుకుని, గాలికి ఎదురు వంగి, విగ్రహం దగ్గరికి చేరాడు. కళ్ళు మూసుకుని వేలి మీదికి వంగాడు.

వెనకనించి ఎవరో కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. యాస్నా! కోటైనా లేకుండా పరిగెత్తుకొచ్చింది. చేతులకి ఇంకా సబ్బు నురగ, చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"చెప్పానా వద్దని!"

"నేను తిరిగి రావడం మీకంత కష్టంగా ఉందా?" అన్నాడు ఫెర్మీన్.

"ఉంది!"

"అదే, ఎందుకని? నేనేం పాపం చేశాను?"

రేవులో ఓడ కూత పెట్టింది. యాస్నా అతని కాలరు వదల్లేదు.

"నువ్వు తిరిగి రావాలంటే ముందు వెళ్ళాలి కదా, మొద్దూ!"