తేలికైన డేరా

ఎరల కొట్టులో హాల్వర్ చెయ్యి వేసిన డేరాను ఎవరో వెనకనుంచి బూటుకాలితో పక్కకు నెట్టారు.

"అది వద్దండీ. మీరు లాగలేరు."

హాల్వర్ తిరిగి చూశాడు. నారింజరంగు టోపీ, మాసిన గడ్డం. ఈ ఊరి ముఖం కాదు.

"లాగలేనని మీకెవరు చెప్పారు?"

"నలుగురు కూర్చునే డేరా అది. ఇక్కడ ఎత్తి చూస్తే తేలిగ్గానే ఉంటుంది, మంచులోకి వెళ్ళాక ప్రాణం తీస్తుంది. ఇదిగో, అడుగున జారుడుబండి ఉన్నది తీసుకోండి. గుడ్డ మడిచి, సామానంతా బండిలోనే పడేసుకోవచ్చు."

కొట్టు యజమాని డ్వేన్ ఎరచేపల తొట్టెలో వల తిప్పుతూ, విననట్టు తల వంచుకున్నాడు.

హాల్వర్‌కి మంచు మీద చలిగాలి తగలకుండా గాలం వేసుకునే ఈ డేరా ఆషామాషీ బేరం కాదు. నిరుడు చలికాలం, గడ్డకట్టిన సరస్సు మీద గాలం వేసుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. మళ్ళీ కళ్ళు తెరిచింది ఆసుపత్రిలోనే. రెస్క్యూ వాళ్ళ మోటారుబండి మోసుకొచ్చి ఉంటుందనుకున్నాడు. అడగలేదు.

భార్య మార్లిస్ ఖచ్చితంగా చెప్పేసింది.

"సరస్సు మీదికి ఈడ్చుకెళ్ళే ఆ చెక్కగుడిసె అమ్మిపారెయ్. ఆయాసం లేకుండా లాక్కుపోగలిగేది దొరికితే వెళ్ళు. ఒక్కరోజు రొప్పుతూ వచ్చావో, ఇక సరస్సుని కిటికీలోంచి చూసుకోవడమే."

టోపీమనిషి ఇంకా కదల్లేదు.

"ఒడ్డునుంచి చాలా దూరం లాగాలా? ఎటువైపు కూర్చుంటారు?"

హాల్వర్ ముఖం బిగుసుకుంది.

ఆ ఊళ్ళో మనిషి తన జబ్బు చెబుతాడు, అప్పు చెబుతాడు, అల్లుడి తాగుడు కూడా చెబుతాడు. చేపలు పడే చోటు మాత్రం చచ్చినా చెప్పడు. మర్యాద తెలిసినవాడెవడూ అడగడు.

"తూర్పున, పడవల రేవు పక్కన," అని అబద్ధమాడాడు.

"అలాగా," అని నవ్వి ఆ మనిషి వెళ్ళిపోయాడు.

కొట్టు వెనక మంచులో లాగి చూసి, హాల్వర్ చివరికి జారుడుబండి డేరానే కొన్నాడు. అది తన సొంత తెలివేనని డ్వేన్‌కి మరీ మరీ చెప్పాడు.

మర్నాడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, ఉత్తరాన సరస్సులోకి పొడుచుకొచ్చిన రాతికొమ్ము వైపు బయల్దేరాడు. డేరా దూదిపింజలా వెంట వచ్చింది. ఊపిరి కూడా బరువెక్కలేదు.

కానీ ముందర ఎవరో నడిచిన దారి ఉంది. మంచులో దిగబడకుండా తొడుక్కునే వెడల్పు చెప్పుల జాడలు. నేరుగా తన చోటుదాకా వెళ్ళి ఆగిపోయాయి.

అక్కడ గాలం దించే కన్నం తవ్వలేదు. చేప పొలుసు లేదు.

ఆ రాత్రి మంచు కురిసింది. తెల్లారేసరికి మళ్ళీ కొత్త జాడలు.

"డ్వేన్, ఆ టోపీవాడెవడోయ్?"

"అద్దెగదిలో దిగాడు. ఏం?"

"నా చోటు కాజేస్తున్నాడు."

"నా దగ్గర గాలం కూడా కొనలేదే!"

"అదే మరి! గాలం లేకుండా మంచు మీద తిరిగేవాడు దొంగ కాక పూజారా? చోటు కనిపెట్టి ఎవడికో అమ్ముకుంటాడు."

డ్వేన్ ఏదో చెప్పబోయి, కాఫీ గుక్క వేసుకున్నాడు.

"ఆయన్నే అడగరాదూ?"

అడిగాడు. మరుసటి పొద్దున హాల్వర్ ఇంకా ముందే బయల్దేరి, సరస్సు మధ్యలో పట్టుకున్నాడు. ఆ మనిషి వెనక తాడుకి ఒక దుంగ కట్టి ఉంది. మంచుని నొక్కుకుంటూ వస్తోంది.

"నా వెనకాల వాసన పట్టుకు తిరగడానికి నీకు ఇంకో సరస్సు దొరకలేదా?"

"నేను ముందు కదండీ నడుస్తున్నాను."

"వెటకారమా? ఈ ఊళ్ళో నీకు కాఫీ పోసేవాడు కూడా లేకుండా చేస్తా. దొంగవెధవా, పో!"

ఆ మనిషి చాలాసేపు హాల్వర్ రొమ్ము వైపు చూశాడు, లెక్క చూసుకుంటున్నట్టు.

"తాడు నడుముకి కట్టుకోండి. చేతులతో లాగకండి," అని చెప్పి ఒడ్డువైపు తిరిగాడు.

హాల్వర్ గెలిచినట్టే నడిచాడు.

ఆ సాయంత్రం మొదలైన మంచు తెల్లారేదాకా కురిసింది.

అదే డేరా, అదే తాడు. జారుడుబండి ముక్కు మంచులో కూరుకుపోయింది. కొత్త మంచు బరువుకి కింద నీళ్ళు ఊరాయి, అవి బండి అడుగున గడ్డకట్టాయి. సగం దూరం పోకుండానే హాల్వర్ దాని మీద కూలబడ్డాడు. నోరు తెరిస్తే గాలి చాల్లేదు.

ఈడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి గుమ్మంలో మార్లిస్. అతని చేతిలోంచి తాడు తీసుకుని, లోపల మేకుకి తగిలించేసింది.

మధ్యాహ్నం హాల్వర్ ఎరల కొట్టు మీదికి విరుచుకుపడ్డాడు.

"చెత్త డేరా అంటగట్టావు కదోయ్!"

"మొన్నటిదాకా దూదిపింజన్నావుగా?"

"మొన్నటిదాకా దారి..."

మంచుని నొక్కి దారి గట్టిచేసిన ఆ దుంగ గుర్తొచ్చింది.

"వాడు... ఆయన ఎక్కడున్నాడు?"

"నిన్ననే గది ఖాళీ చేసి పోయాడు. ఏ ఊరో, ఏమిటో చెప్పడు. పేరడిగినా నవ్వేస్తాడు."

"నాకోసం దారి తొక్కాల్సిన ఖర్మ ఆయనకేమిటి?"

డ్వేన్ చేతులు తుడుచుకున్నాడు.

"చెప్పొద్దన్నాడు, నువ్వు మొహమాటపడతావని. నువ్వు డేరా కొనడానికొస్తున్నావని ఆయనిచ్చిన నంబరుకి నేనే ఫోన్ చేశా. 'ఆ మనిషి బరువు నాకు తెలుసు డ్వేన్, ఇంకోసారి నా వల్ల కాదు, తేలికైనది కొనిపిద్దాం' అన్నాడు."

"నా బరువు ఆయనకెలా తెలుసు?"

"నిరుడు రెస్క్యూ వాళ్ళ బండి నీదాకా రానేలేదు హాల్వర్, సగంలోనే దిగబడిపోయింది, రాతికొమ్ము నుంచి ఒడ్డుదాకా నిన్ను ఒంటరిగా లాక్కొచ్చింది ఆయనే."